ఆఫ్రికాలో చేతబడి: అపోహలు - వాస్తవాలు

మానవశాస్త్రంలో ఈ అంశం మీద పనిచేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: అసలు కారణం తెలియక చేతబడి అంటారు.

1920లలో దక్షిణ సూడాన్‌లో అజాండే తెగవాళ్ల మధ్య ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు ఎవాన్స్-ప్రిచర్డ్ ఈ మాటను ఎప్పుడో తోసిపుచ్చాడు. అక్కడ ఎండవేళ గాదెల నీడన కూర్చుంటారు. ఒక్కోసారి గాదె కూలి కింద ఉన్నవాళ్లకు దెబ్బలు తగులుతాయి. గుంజల్ని చెదలు తినేశాయని వాళ్లకూ తెలుసు. కానీ సరిగ్గా ఫలానా మనిషి కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది? దానికి చెదలు జవాబు చెప్పవు, చేతబడి చెబుతుంది. మనమూ ఇదే ప్రశ్న వేసుకుని కర్మ అనో, గ్రహచారం అనో సరిపెట్టుకుంటాం. కర్మను ఊళ్లోంచి తరమలేం, పక్కింటి ముసలమ్మను తరమగలం. తేడా అక్కడుంది.

అపోహ: పల్లెల్లో మిగిలిపోయిన పాత ఆచారం, చదువుతో పోతుంది.

కాంగో రాజధాని కిన్షాసా మహానగరం. పిల్లల మీద మంత్రగాళ్లన్న ముద్ర వేసి వీధిలోకి నెట్టడం అక్కడ 1990లలో, దేశ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిన రోజుల్లో పెరిగింది. అమ్మో నాన్నో పోయి బంధువుల పంచన చేరిన పిల్లలే ఎక్కువగా బలయ్యారు. దుష్టశక్తిని వదిలించే ‘విడుదల ప్రార్థనల’ పేరుతో కొన్ని కొత్త చర్చిలు దీనికి ఆజ్యం పోశాయి. పిల్లల మీద ఇలాంటి నింద వేయడాన్ని 2009 చట్టం నేరం చేసింది.

అపోహ: నింద ఎవరి మీదైనా పడవచ్చు.

పడవచ్చు, కానీ ఎక్కువగా అండలేని వాళ్ల మీదే పడుతుంది. నిందపడి ఊరు వదిలిన ఆడవాళ్లు తలదాచుకునే శిబిరాలు ఉత్తర ఘనాలో ఉన్నాయి. వాటిలో ఒకటైన గంబాగాలో ఉన్నవాళ్లలో అధికులు వయసు మళ్లిన వితంతువులు. అక్కడ నింద నిజమో కాదో తేల్చడానికి కోడిని కోసి వదులుతారు; అది వెల్లకిలా పడి చస్తే నిర్దోషి, బోర్లా పడితే మంత్రగత్తె. టాంజానియాలో సుకుమా ప్రాంతపు ముసలివాళ్ల మీద నిందకు ఎర్రబడిన కళ్లే రుజువైపోయాయి. ఏళ్ల తరబడి పొయ్యి పొగలో వంట చేస్తే కళ్లు ఎర్రబడక ఏమవుతాయి? బాణామతి పేరుతో మన పల్లెల్లో జరిగిన దాడుల్లోనూ అంతే: ముందు పాత తగాదా ఏమిటో వెతకాలి.

అపోహ: నాటువైద్యులంతా మంత్రగాళ్లే.

కాదు. దక్షిణాఫ్రికాలో సంగోమాలనే సంప్రదాయ వైద్యుల కోసం 2007లో ప్రత్యేక చట్టమే వచ్చింది.

అపోహ: చట్టం ఉంటే చాలు.

ఏ చట్టం? మలావీలో 1911 నాటి బ్రిటిష్ చట్టం ఒకరిని మంత్రగత్తె అనడాన్నే నేరంగా చూస్తుంది. కామెరూన్ శిక్షాస్మృతి 251వ సెక్షన్ తద్విరుద్ధం: చేతబడి చేస్తేనే 2 నుంచి 10 ఏళ్ల జైలు. మరి కోర్టులో రుజువెలా? తూర్పు కామెరూన్‌లో మంత్రవైద్యుల సాక్ష్యాన్నే నమ్మి శిక్షలు వేశారు. ఘనాలో 2020 జులైలో కఫాబా ఊళ్లో 90 ఏళ్ల వృద్ధురాలిని అందరూ చూస్తుండగా కొట్టి చంపారు. ఆ తర్వాత 2023లో పార్లమెంటు ఇలాంటి నిందల్ని నేరం చేస్తూ బిల్లు ఆమోదిస్తే, అప్పటి అధ్యక్షుడు సంతకం పెట్టలేదు.

అపోహ: శిబిరాలు మూసేస్తే సరి.

ఘనా ప్రభుత్వం 2014లో బోన్యాసీ శిబిరాన్ని మూసింది. గంబాగాలో ప్రెస్బిటేరియన్ చర్చి 1990ల నుంచి ఆడవాళ్లను ఇళ్లకు చేర్చే పని చేస్తోంది. వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ శిబిరానికే వచ్చేశారు. ఊళ్లో ఏ పిల్లాడికి జ్వరమొచ్చినా ముందు తమ గుమ్మం వైపే చూస్తారని వాళ్ల భయం.