అమ్మే ముందు కారుకు పరీక్ష మన దగ్గర ఎందుకు లేదు?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎనిమిదేళ్ళు వాడిన కారు అమ్మాలంటే కావాల్సిన కాగితాలు అందరికీ తెలిసినవే. ఆర్‌సీ, గడువున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఫారం 29, ఫారం 30. బ్యాంకు అప్పు తీర్చిన బండి అయితే ఫారం 35, వేరే రాష్ట్రానికి పోతుంటే ఎన్‌ఓసీ. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర కూడా చాలాచోట్ల అడుగుతారు. కాగితంలో ఉన్న బండీ ఎదురుగా ఉన్న బండీ ఒకటేనని తేల్చుకోవడానికి ఆ ముద్ర. ఇంతటితో పేరు మారిపోతుంది. బ్రేకు నొక్కితే బండి తిన్నగా ఆగుతుందా, స్టీరింగ్ ఎంత వదులుగా ఉంది, ఎయిర్‌బ్యాగ్ లోపల అసలు ఉందా అన్నది చెప్పే కాగితం ఆ కట్టలో ఒక్కటీ ఉండదు. బండి స్థితి గురించి ఏమైనా చెప్పేది పొల్యూషన్ సర్టిఫికెట్టే, అది కూడా పొగ గురించి మాత్రమే.

ఆ కారే పసుపు ప్లేటుతో ట్యాక్సీగా తిరుగుతుంటే లెక్క వేరు. ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాల్సిందే. అదే మోడల్, అదే ఏడాది తయారైన తెల్ల ప్లేటు కారు మాత్రం రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి 15 ఏళ్ళ దాకా, రాష్ట్రం దాటి రీ-రిజిస్ట్రేషన్‌కు పోతే తప్ప, ఏ అధికారి ముందూ నిలబడనక్కర్లేదు. ఈలోగా ముగ్గురు నలుగురి చేతులు మారినా అంతే. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలియాలంటే తొంభై ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో మోటారు వాహనాల తొలి చట్టం 1914లో వచ్చింది. అప్పటికి రోడ్ల మీద మోటార్లే అరుదు. 1930ల నాటికి బస్సులు పెరిగాయి. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి రెండు ఆర్టీసీల మూలం అక్కడే ఉంది. బ్రిటిష్ ఇండియాలోనేమో ప్రైవేటు బస్సులు రైళ్ళ ఆదాయానికి గండి కొడుతున్నాయన్న గోల. దాన్ని పరిశీలించడానికి మిచెల్-కిర్క్‌నెస్ కమిటీ కూర్చుంది. ఆ వాతావరణంలో పుట్టిందే 1939 మోటారు వాహనాల చట్టం. పర్మిట్ల వ్యవస్థ దాంతోనే బలపడింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టేనని ఆ చట్టంలోని 38వ సెక్షన్ చెప్పింది. బస్సు, లారీ, ట్యాక్సీ, అద్దెకు తిరిగే ప్రతి బండీ దాని కిందికి వచ్చాయి. సొంత కారు రాలేదు.

అప్పటి పరిస్థితుల్లో ఇది తప్పని అనలేం. టికెట్టు కొని బస్సెక్కేవాడికి ఆ బస్సు బ్రేకుల సంగతి తెలిసే దారి లేదు, అందుకని అతని తరఫున సర్కారు చూడాలి. సొంత కారున్నవాడు తన ప్రాణానికీ తనవాళ్ళ ప్రాణాలకూ భయపడి తనే బాగుచేయించుకుంటాడు. ఈ తర్కం మొదటి యజమాని వరకు బాగానే నిలుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడి దగ్గర విరిగిపోతుంది. అతనికీ ఆ బండి గతం తెలియదు. బస్సెక్కే ప్రయాణికుడిలాగే అతనూ ఎదుటివాడి మాట నమ్మి కుటుంబంతో సహా కూర్చుంటాడు. కాకపోతే ప్రయాణికుడి కోసం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, ఇతని కోసం ఎవరూ లేరు.

చాలా ఏళ్ళపాటు ఈ లోటు పెద్దగా తెలియలేదు. అంబాసిడర్లు, ఫియట్లు ఉన్న కాలంలో ఊరికి పదో ఇరవయ్యో కార్లు. ఏ కారు ఎవరిదో, ఎన్నిసార్లు ఇంజిన్ దింపారో ఊళ్ళో మెకానిక్‌కు తెలుసు. కొనేవాడు అతన్ని అడిగేవాడు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక కారు మధ్యతరగతి ఇంటికి చేరడం మొదలైంది. ఐదేళ్ళకే పాత చట్టం స్థానంలో 1988 మోటారు వాహనాల చట్టం చేశారు, అది 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంత పెద్ద మార్పు కళ్ళెదుట జరుగుతుంటే కూడా పాత గీతను అలాగే ఉంచేశారు. 56వ సెక్షన్ కింద ఫిట్‌నెస్ రవాణా వాహనాలకే. సొంత బండికి 41వ సెక్షన్ కింద 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్, ఆ తర్వాత పరీక్ష చేసి ఐదేళ్ళ చొప్పున పొడిగింపు. అమ్మకం సంగతి చూసే 50వ సెక్షన్‌లో గడువులే ఉన్నాయి: రాష్ట్రంలోనే అయితే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో చెప్పాలి. బండి ఎలా ఉందో చెప్పాలన్న మాట లేదు.

పోనీ మామూలు కొనుగోలు చట్టమైనా ఆదుకుంటుందా అంటే అదీ లేదు. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ ప్రకారం వస్తువు నాణ్యతకు అమ్మేవాడి పూచీ దానంతట అదే రాదు. ఆ సరుకుల వ్యాపారం చేసేవాడు అమ్మడం వంటి కొన్ని సందర్భాల్లోనే వస్తుంది. పక్క వీధి ఉద్యోగి తన కారు మీకు అమ్మితే, ఆయన అబద్ధం చెప్పాడని మీరు రుజువు చేయగలిగితే తప్ప, చూసుకోవాల్సిన బాధ్యత మీదే. మోటారు చట్టంలోనూ ఇదే ధోరణి. పనికిరాని స్థితిలో ఉన్న బండిని అమ్మితే శిక్ష ఉంది కానీ అది డీలర్లకు, దిగుమతిదారులకు. 1988లో ఆ జరిమానా 500 రూపాయలలోపే. 2019 సవరణ 182ఎ సెక్షన్ తెచ్చి, తయారీదారులనూ కలిపి, ఒక్కో బండికి లక్ష రూపాయల జరిమానా లేదా ఏడాది దాకా జైలు చేసింది. సొంత కారు అమ్ముకునే మనిషి పేరు అందులో ఇప్పటికీ లేదు.

ఈ ముప్పై ఏళ్ళలో అమ్మకాల విషయంలో జనాన్ని నిజంగా కదిలించింది 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు. కారు 2007లోనే అమ్ముడై చేతులు మారుతూ పోయింది, ఆర్‌సీలో పేరు మాత్రం మారలేదు. 2009లో ఆ కారు రివర్స్‌లో వస్తూ ఒక పిల్లవాడి ప్రాణం తీసింది. పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న మొదటి యజమానిదేనని కోర్టు చెప్పింది. బాధితులు ఒకరి తర్వాత ఒకరిగా కొన్నవాళ్ళను వెతుక్కుంటూ తిరగలేరన్నది ఆ తీర్పులోని న్యాయం, అది సరైనది కూడా. దాంతో అమ్మేవాళ్ళలో భయం పుట్టి పేరు మార్పు మీద పట్టుదల పెరిగింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన డీలర్ నిబంధనలూ ఆ దారిలోనివే. పాత కార్ల డీలరు అధికార పత్రం తీసుకోవాలి, బండి తన దగ్గరున్నంత కాలం అతన్నే యజమానిగా లెక్కిస్తారు, బండి ఎక్కడికి తిప్పాడో రిజిస్టరు ఉంచాలి. అవసరమైన మార్పులే. అయితే అన్నీ బండి ఎవరిదన్న ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ఈ మధ్యలో వయసు గొడవ మొదలైంది. ఢిల్లీలో 15 ఏళ్ళు దాటిన బండ్లను తిప్పకూడదని 2014లో, పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లను తిప్పకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2021 ఆగస్టులో పాత బండ్లను తుక్కుగా మార్చే విధానం వచ్చింది. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. దీని వెంటే వచ్చిన ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల ఆలోచన మాత్రం మెచ్చుకోదగింది. అక్కడ చక్రాలను రెండు రోలర్ల మధ్య నిలిపి యంత్రమే తిప్పుతుంది. బ్రేకు నొక్కగానే ఎడమ చక్రం ఎంత పట్టింది, కుడి చక్రం ఎంత పట్టింది విడివిడిగా తెర మీద పడుతుంది. ఒకవైపు బాగా పట్టి రెండోవైపు జారుతుంటే వానలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగేస్తుంది, అది మామూలు ట్రయల్‌లో తెలియదు. హెడ్‌లైట్ల కోణం, సస్పెన్షన్ కూడా యంత్రమే కొలుస్తుంది. ఇన్ని ఏర్పాట్లూ మళ్ళీ రవాణా వాహనాల కోసం, 15 ఏళ్ళు దాటిన సొంత బండ్ల కోసం. కొత్త కార్లకన్నా పాత కార్లే ఎక్కువ అమ్ముడవుతున్న దేశంలో, ఎక్కువగా చేతులు మారే నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ కార్లను వదిలేశారు.

మిగతా దేశాలు ఈ ప్రశ్నను రెండు రకాలుగా తీర్చుకున్నాయి. బ్రిటన్‌ది ఏటా పరీక్ష పద్ధతి. 1960లో పదేళ్ళు దాటిన కార్లకు బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ చూడటంతో ఎంఓటీ అనే ఆ పరీక్ష మొదలైంది. అందులో తప్పుతున్న కార్ల సంఖ్య చూసి బెంబేలెత్తి వయసును త్వరలోనే ఏడేళ్ళకు, 1967 నాటికి మూడేళ్ళకు దించారు. ఎవరూ తనిఖీ చేయకుండా వదిలేసిన కార్లు ఎలా ఉంటాయో బ్రిటన్‌కు తెలిసింది చూసిన తర్వాతే, మనకు చూడాలన్న నిబంధనే లేదు.

రెండోది అమ్మకంతో ముడిపెట్టడం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న కారును అమ్మకానికి పెట్టిన క్షణం నుంచే సేఫ్టీ సర్టిఫికెట్ దాని మీద కనపడాలి, బేరం కుదిరాక చూద్దాం అంటే కుదరదు. సొంత అమ్మకానికి అది రెండు నెలలో 2,000 కిలోమీటర్లో, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. పరీక్షలో తప్పితే 14 రోజుల్లో బాగుచేయించి మళ్ళీ చూపాలి. విక్టోరియాలో రోడ్‌వర్దీ సర్టిఫికెట్ 30 రోజులు, కెనడాలోని ఆంటారియోలో 36 రోజులు చెల్లుతుంది. న్యూజిలాండ్‌లో ఇలాంటి సర్టిఫికెట్‌నే వారెంట్ అంటారు, అమ్మే కారుకు అది నెల లోపుదై ఉండాలి. అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఏటేటా పరీక్ష లేదు, పాత కారు చేతులు మారేటప్పుడు మాత్రం తప్పదు. మెల్‌బోర్న్‌లోనో బ్రాంప్టన్‌లోనో మొదటి పాత కారు కొన్న మనవాళ్ళకు ఇది అనుభవమే: బేరంలో సగం మాటలు ‘రోడ్‌వర్దీతో ఎంత, లేకుండా ఎంత’ అన్న దాని చుట్టే.

ఈ సర్టిఫికెట్ గ్యారంటీ కాదన్నది అక్కడి ప్రభుత్వాలే చెబుతాయి. ఇంజిన్ ఇంకెన్నాళ్ళు నడుస్తుందో, ఏసీ పనిచేస్తుందో అది చూడదు. టైర్లు, బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, లైట్లు, తుప్పు, అద్దాలు, సీటు బెల్టులు, ప్రాణం మీదికి వచ్చేవాటి వరకే. నా ఉద్దేశంలో ఆ హద్దే దాని బలం. ఇంజిన్ చెడితే డబ్బు పోతుంది, బ్రేకు చెడితే రోడ్డు మీద ఇంకొకడి ప్రాణం పోతుంది.

వ్యతిరేక వాదన కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. అమెరికాలో న్యూజెర్సీ 2010లో, టెక్సస్ 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ తనిఖీలు ఎత్తేశాయి. డబ్బూ సమయమూ వృథా, ప్రమాదాలు తగ్గిన రుజువు గట్టిగా లేదన్నది అక్కడి వాదన. అయితే అవి ప్రతి కారుకూ క్రమం తప్పకుండా చేసే తనిఖీలు. జీవితంలో రెండు మూడుసార్లు జరిగే అమ్మకం దగ్గర పరీక్షకు ఆ లెక్క అతకదు. మన దగ్గర ఉన్న అసలు భయం వేరు: బండి రాకుండానే ఎఫ్‌సీ వచ్చేస్తుందన్న పాత ఆరోపణ. ఆ భయం నిజమైనదే, దానికి మందు యంత్రం కొలిచిన అంకెలు నేరుగా బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో పడటం. పరీక్షే వద్దనడం కాదు.

ఎందుకింత తొందర అంటే, మన దగ్గరి వరదలు చూసి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు కార్లు నీళ్ళలో నానాయి. అలా మునిగిన కారును కడిగి, పాలిష్ పట్టి, కొత్త సీటు కవర్లు తొడిగితే చూపుకు తేడా తెలియదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే ఆఖరి జానెడు మీద మట్టి చార కనిపించవచ్చు. సీటు జరిపే పట్టాల మీద తుప్పు, స్పేర్ టైరు గుంటలో ఎండిన ఒండ్రు ఉండవచ్చు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే తడిసి పాడైందో, యాక్సిడెంట్‌లో పేలిపోయాక కొత్తది వేయకుండా తీగ పీకేశారో అనుమానించాల్సిందే. ఇవన్నీ తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళేవాళ్ళు బయటపడతారు. తెలియనివాళ్ళే ఎక్కువ.

దీన్ని సరిదిద్దడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. రిజిస్ట్రేషన్, బదిలీల మీద నిబంధనలు చేసే అధికారం 64వ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది, ఫారాలు ఆ నిబంధనల్లోనివే. ఐదేళ్ళు దాటిన కారు పేరు మారాలంటే రెండు నెలల లోపు టెస్టింగ్ స్టేషన్ రిపోర్టు జత చేయాలని ఒక వాక్యం చేర్చవచ్చు. స్టేషన్లు చాలని జిల్లాల్లో మొదట డీలర్ల అమ్మకాలకు పెట్టి, తర్వాత సొంత అమ్మకాలకు విస్తరించవచ్చు. అంతవరకూ కనీసం ఫారం 29లో, ఎవరికి ఎప్పుడు అమ్మామో రాసే చోటి కింద, ఈ బండి వరదలో మునిగిందా, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడైనా పేలిందా అన్న రెండు ప్రశ్నలు చేర్చి అమ్మేవాళ్ళ చేత సంతకం పెట్టించాలి. రేపు కోర్టుకు వెళ్ళాల్సి వస్తే కొన్నవాళ్ళ చేతిలో ఆ కాగితమైనా ఉంటుంది.