గాజు భవనానికి ముఖం ఎక్కడిది?

గాజు భవనాన్ని ఫొటో తీయడానికి వెళ్లినప్పుడు మొదట చేయవలసిన పని, దానికి వీపు తిప్పి నిలబడటం. దాని ఎదురుగా ఏముంది? చెట్లా, పాత రాతి కట్టడమా, ఖాళీ ఆకాశమా, మరో గాజు భవనమా? చివరికి ఫొటోలో పడబోయేది అదే. ఇటుక గోడకు తనదంటూ ఒక రంగు, ఒక గరుకుదనం ఉంటాయి. ఎండ ఏటవాలుగా పడితే ప్రతి ఇటుకా తన నీడతో సహా తేలి కనిపిస్తుంది. గాజు గోడకు అలాంటి సొంత ఆస్తి దాదాపు ఏమీ లేదు. ఎదుటివారి రూపాన్ని అరువు తెచ్చుకుని ముఖంగా పెట్టుకుంటుంది.

జర్మన్ ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె ఈ సంగతిని గాజు ఆకాశహర్మ్యాలు ఇంకా కాగితం మీదే ఉన్న రోజుల్లో పట్టుకున్నాడు. గాజుతో కట్టేటప్పుడు ముఖ్యమైనది వెలుగునీడల ఆట కాదని, ప్రతిబింబాల ఆట అని, గాజు నమూనాలు చేసి చూశాక తనకు తెలిసివచ్చిందని 1922లో రాశాడు. ఆ మాటను ఆర్కిటెక్టుల కంటే ఫొటోగ్రాఫర్లే ఎక్కువ గుర్తుంచుకోవాలని నాకనిపిస్తుంది.

తెలుగులో ముఖం చూసుకునేదీ అద్దమే, కిటికీకి బిగించేదీ అద్దమే. రెండింటికీ ఒకే మాట ఏమిటని ఎవరైనా అడిగితే, భౌతికశాస్త్రం మన పక్షాన నిలుస్తుంది. మామూలు గాజు మీద కాంతి సూటిగా, అంటే లంబంగా పడితే ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. పలకకు ముందూ వెనకా కలిపి రెండు ఉపరితలాలు కాబట్టి దాదాపు 8 శాతం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం లోపలికి పోతుంది. అంటే ప్రతి కిటికీ కొంచెం దర్పణమే. ఎంత అన్నది మనం చూసే కోణాన్ని బట్టి మారుతుంది. లంబం నుంచి, అంటే గాజుకు సూటిగా నిలిచే గీత నుంచి, 60 డిగ్రీలు పక్కకు జరిగితే ఒక్క ఉపరితలమే 9 శాతం కాంతిని తిప్పికొడుతుంది, 80 డిగ్రీల దగ్గర అది 39 శాతానికి చేరుతుంది. ఈ లెక్కకు సూత్రాలు రాసినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్.

అందుకే 200 మీటర్ల గాజు గోపురానికి 10 మీటర్ల దూరంలో నిలబడి తల ఎత్తితే ఒక వింత కనిపిస్తుంది. కింది అంతస్తుల్లో బల్లలు, మనుషులు స్పష్టంగా ఉంటారు. పైకి పోయేకొద్దీ గాజు మూతపడిపోయి ఆకాశం అయిపోతుంది. పై అంచు దగ్గర మన చూపు లంబానికి 87 డిగ్రీలు వాలి ఉంటుంది, అక్కడ గాజు దాదాపు పూర్తి దర్పణం. ఒకే గోడ, ఒకే రకం గాజు, కింద కిటికీ, పైన అద్దం. ఇది కెమెరా దోషం అనుకుని పై భాగాన్ని కత్తిరించేవారిని చూస్తే జాలేస్తుంది.

కోణం తరువాత గడియారం. ఆరుబయట మబ్బు పట్టిన పగటిపూట వెలుతురు 10,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వరకు ఉండవచ్చు. కార్యాలయం లోపల మామూలుగా 500 లక్స్ ఉంటుంది. బయటి పదివేలలో 8 శాతం తిరిగి వచ్చినా 800 అవుతుంది. లోపలి ఐదు వందలలో 80 శాతం బయటికి వచ్చినా 400 మాత్రమే. గెలిచేది ప్రతిబింబం. నిజానికి నేటి భవనాల గాజు మీద వేడిని తిప్పికొట్టేందుకు నానోమీటర్ల మందాన వెండి పూతలు ఉంటాయి కాబట్టి పగటి పోటీ ఇంకా ఏకపక్షం. సూర్యుడు దిగాక తక్కెడ మొగ్గు మారుతుంది. అస్తమయం తరువాత కాసేపు లోపలి దీపాలూ బయటి ఆకాశమూ ఒకదానితో ఒకటి సరితూగుతాయి. ఫొటోగ్రాఫర్లు నీలి ఘడియ అని పిలుచుకునే ఆ కొద్ది నిమిషాల్లోనే భవనం తన గదులనూ, తన పరిసరాలనూ ఒకేసారి చూపిస్తుంది. ఆ నీలం కూడా పగటి నీలం కాదు. పగటి నీలం గాలి అణువులు నీలి కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చే రంగు. సంజవేళ నడినెత్తి నీలానికి ముఖ్య కారణం ఎగువ వాతావరణంలోని ఓజోను నారింజ, ఎరుపు కాంతిని పీల్చుకోవడం. ఈ సంగతి 1953లో తేలింది.

ఆ తూకం దానంతట అది కుదరకపోతే కుదిర్చినవారూ ఉన్నారు. లాస్ ఏంజిలెస్ కొండ అంచున ఆర్కిటెక్ట్ పియర్ కోనిగ్ కట్టిన గాజు ఇంటిని 1960లో జూలియస్ షుల్మన్ తీసిన ఫొటో ప్రసిద్ధం. గాజు గదిలో ఇద్దరు స్త్రీలు కూర్చుని ఉంటారు, వారి కింద నగరం దీపాల గళ్లుగా పరుచుకుని ఉంటుంది. ఇంట్లో దీపాలు ఆర్పి, నగరం కోసం ఫిల్మును సుమారు 7 నిమిషాలు తెరిచి ఉంచి, చివర్లో గది కోసం ఫ్లాష్ బల్బులు వెలిగించాడు. ఏ కంటికీ ఒక్క క్షణంలో అలా కనిపించని దృశ్యం అది. మోసం అనను. ఆ ఇంటికీ ఆ లోయకూ ఉన్న బంధం కనిపించాలంటే మరో దారి లేదు.

పరిసరాలతో బంధం అనగానే నా మనసు బోస్టన్‌కు పోతుంది. అక్కడ 1877లో కట్టిన ట్రినిటీ చర్చి పక్కనే, హెన్రీ కాబ్ రూపకల్పనలో 60 అంతస్తుల జాన్ హాన్‌కాక్ టవర్ 1976లో పూర్తయింది. పొట్టి, బరువైన రాతి చర్చి పక్కన 241 మీటర్ల గోపురం లేస్తే చర్చి ఏమైపోవాలి? కాబ్ ఇచ్చిన జవాబు అద్దం. భవనాన్ని ఏటవాలుగా నిలిపి, చర్చి వైపు ఉన్న గోడలో చర్చే కనిపించేలా చేశాడు. అప్పటి నుంచి ఆ ప్రతిబింబాన్ని ఫొటో తీయని సందర్శకుడు అరుదు. ఆ ఫొటోల్లో ఒక చిన్న పాఠం దాగి ఉంటుంది. కొండ అద్దంలో కొంచెంగా కనిపిస్తుందని మనం అంటూ ఉంటాం. సమతల దర్పణంలో ప్రతిబింబం అసలుకు సరిసమానమే. కానీ వస్తువు అద్దానికి ముందు ఎంత దూరాన ఉందో, ప్రతిబింబం వెనక అంత లోతున ఉంటుంది. ఆ అదనపు దూరం వల్లే చిన్నదిగా తోస్తుంది. కెమెరా ఫోకస్ కూడా గాజు పలక మీద కాదు, ఆ లోతు మీద పెట్టాలి. నేను గాజుకు 3 మీటర్లలో ఉండి, చెట్టు గాజుకు 10 మీటర్లలో ఉంటే, అద్దంలోని చెట్టు నాకు 13 మీటర్ల దూరం.

ఆ అందమైన ఫొటోల వెనక మరో కథ ఉంది. గోపురం పునాది కోసం తవ్వినప్పుడు నేల కదిలి చర్చి కట్టడం దెబ్బతింది. చర్చి కోర్టుకు వెళ్లి పరిహారం గెలుచుకుంది. గాజు మాత్రం ఊరుకుందా? రెండు పలకలను కలిపి మూసిన ఆ కిటికీల్లో, పరావర్తన పూతకూ అంచు లోహానికీ మధ్య వేసిన సీసపు అతుకు మరీ బిగుతుగా ఉండి, గాలికి, వేడికి పలకలు కదిలే వెసులుబాటు ఇవ్వలేదు. 1973 నుంచి పలకలు రాలిపోసాగాయి. ఖాళీల్లో ప్లైవుడ్ బిగించారు, ఊరివాళ్లు దాన్ని ప్లైవుడ్ ప్యాలెస్ అని ఎగతాళి చేశారు. చివరికి మొత్తం 10,344 పలకలనూ మార్చారు. చర్చి ముఖాన్ని అరువు తెచ్చుకోవలసిన గోడ కొన్నాళ్లు చెక్క ముఖంతో నిలబడింది. ఎదురుగా ఏముందన్న ప్రశ్నకు అప్పుడు ఆ గోడ దగ్గర జవాబే లేదు.

ప్రతిబింబాలు వంకర్లు పోవడం చాలామందికి నచ్చదు, నాకు మాత్రం అదే ఇష్టం. 1959లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించిన ఫ్లోట్ పద్ధతిలో, కరిగిన గాజు కరిగిన తగరం మీద తేలుతూ దాదాపు లోపం లేని చదునుతో గట్టిపడుతుంది. తరువాత బలం కోసం దాన్ని మళ్లీ వేడిచేసి రోలర్ల మీద నడిపేటప్పుడు సన్నని అలలు పడతాయి. రెండు పలకల మధ్య మూసేసిన గాలి మరో కారణం. చలికి అది ముడుచుకుంటే పలకలు లోపలికి వంగుతాయి, వేడికి ఉబ్బుతాయి. అంటే ఉదయం తీసిన ఫొటోలోని వంకర మధ్యాహ్నం ఉండకపోవచ్చు. ఎదుటి గోడ మీద పడే మెలికలు తిరిగిన వెలుగు మచ్చలు కూడా ఈ వంపుల పనే.

ప్రతిబింబం వద్దనుకునేవారికి ధ్రువణ ఫిల్టర్ ఉంది. దాని కథ కూడా కిటికీ అద్దాలతోనే మొదలైంది. 1808లో పారిస్‌లో శాస్త్రవేత్త ఎతియెన్ లూయీ మాల్యూస్, లక్సెంబర్గ్ ప్యాలెస్ కిటికీల్లో మెరుస్తున్న అస్తమయ సూర్యుణ్ని ఒక కాల్సైట్ స్ఫటికం గుండా చూశాడు. స్ఫటికం చూపే రెండు బింబాలూ దాన్ని తిప్పుతుంటే వంతులవారీగా మసకబారాయి. పరావర్తనంలో కాంతి ధ్రువణం చెందుతుందని, అంటే దాని కంపనాలు ఒకే దిశకు మొగ్గుతాయని, అలా తెలిసింది. గాజుకు లంబం నుంచి సుమారు 56 డిగ్రీల దగ్గర ఆ ధ్రువణం సంపూర్ణం, అక్కడ ఫిల్టర్ ప్రతిబింబాన్ని తుడిచేయగలదు. ఎదురుగా నిలబడితే మాత్రం పనికిరాదు, వెండి పూత మీద కూడా అంతంతమాత్రమే. పైగా గట్టిపరచిన గాజులో దాగిన ఒత్తిళ్లను చిరుతపులి మచ్చల్లా బయటపెడుతుంది. నేను దాన్ని సంచిలో ఉంచుకుంటాను, అరుదుగా తీస్తాను.

రంగు విషయంలో పారిస్‌దే మరో పాఠం. మామూలు గాజుకు ఇసుకలోని ఇనుము వల్ల ఆకుపచ్చ ఛాయ వస్తుంది. 1989లో తెరిచిన లూవ్ర్ మ్యూజియం గాజు పిరమిడ్ కోసం ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పెయ్ ఆ ఛాయ లేని గాజే కావాలని పట్టుబట్టాడు. దాని గుండా చూసినప్పుడు వెనకనున్న పాత ప్యాలెస్ తేనెరంగు రాయి పచ్చబడకూడదు. పక్కవారి రంగు చెడకూడదని ఇంత తాపత్రయపడిన ఆధునిక కట్టడాలు ఎక్కువ లేవు. అరువు తెచ్చుకున్నదాన్ని సరిగా తిరిగి ఇవ్వనివే ఎక్కువ. లండన్‌లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ భవనం దక్షిణపు గోడ పుటాకారంలో ఉండి, 2013లో ఎండను వీధిలోకి కేంద్రీకరించి, ఆగి ఉన్న కారు భాగాలను కరిగించింది. మరుసటి ఏడాది దానికి ఎండ తెరలు కట్టవలసి వచ్చింది.

ఇంతకంటే పెద్ద బాకీ పక్షులకు ఉంది. అద్దంలోని చెట్టు అద్దం వెనక పది మీటర్ల లోతున ఉందని కెమెరా నమ్మినట్టే పక్షీ నమ్ముతుంది. అమెరికాలో భవనాలను గుద్దుకుని ఏటా 36.5 కోట్ల నుంచి దాదాపు వంద కోట్ల పక్షులు చనిపోతున్నాయని 2014లో వెలువడిన అంచనా. షికాగోలో సరస్సు ఒడ్డున ఉన్న మెక్‌కార్మిక్ ప్లేస్ అనే సమావేశ భవనం దగ్గర 2023 అక్టోబరులో ఒక్క రాత్రే వెయ్యికి దగ్గరగా పక్షులు రాలిపోయాయి. మరుసటి ఏడాది ఆ గాజుకు చిన్న చుక్కల పొరను అతికించారు, మరణాలు బాగా తగ్గాయి.

ఇలాంటి చుక్కలను ఫొటోలో చెరిపేయడం ఇప్పుడు కంప్యూటర్‌కు అరనిమిషం పని. నేనైతే చెరపను. కానీ తీయడం కష్టమే. దగ్గరగా నిలబడి చుక్కల మీద ఫోకస్ పెడితే అద్దంలోని సరస్సు నీరు మసకబారుతుంది, నీటి మీద పెడితే చుక్కలు కరిగిపోతాయి. రెండూ కావాలంటే ఎపర్చర్‌ను, అంటే కాంతి లోపలికి వచ్చే లెన్స్ రంధ్రాన్ని, ఎఫ్/16కు కుదించి, ట్రైపాడ్ వేసి, గాలి ఆగేదాకా ఓపిక పట్టాలి.