స్పానిష్ ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్: అపోహలు - వాస్తవాలు

సబ్జంక్టివ్ అంటే కోరిక, సందేహం, ఊహ లాంటివి చెప్పేటప్పుడు వాడే క్రియారూపం. ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ దాని భూతకాల రూపం.

(స్పానిష్ మాటల్లో ఊనిక పడే, అంటే నొక్కి పలికే, అక్షరాన్ని దీర్ఘంతో రాశాం. ఆ దీర్ఘాలను వదలకుండా పైకి చదవండి.)

అపోహ: ప్రతి క్రియకూ కొత్త పట్టిక బట్టీ పట్టాలి.

అక్కర్లేదు. ప్రెటరిట్‌లో (జరిగిపోయిన పనిని చెప్పే మామూలు భూతకాలం) ‘వాళ్లు’ రూపం తీసుకుని, చివరి ‘రొన్’ తీసేసి, ర, రస్, ర, రమొస్, రయిస్, రన్ చేర్చండి. అబ్లార్ (మాట్లాడు): అబ్లారొన్ నుంచి అబ్లార, అబ్లారస్, అబ్లార, అబ్లారమొస్, అబ్లారయిస్, అబ్లారన్. కొమేర్ (తిను) నుంచి కొమియేర, బిబీర్ (నివసించు) నుంచి బిబియేర. క్రమం తప్పిన క్రియలకూ ఇదే దారి: తుబియేరొన్ నుంచి తుబియేర. చాలామంది మూల రూపం తెనేర్ (కలిగి ఉండు) నుంచి మొదలెట్టి ‘తెనియేర’ అంటారు, అలాంటి మాటే లేదు. కాబట్టి సబ్జంక్టివ్‌లో తప్పులొస్తుంటే ముందు ప్రెటరిట్ గట్టిచేసుకోండి.

అపోహ: ఊనిక ఎక్కడ పడినా అర్థమైపోతుంది.

అబ్లార అంటే సబ్జంక్టివ్. అబ్లరా అంటే ‘మాట్లాడతాడు’, భవిష్యత్తు. రాతలో తేడా చివరి అచ్చుమీది ఒక్క గీత, మాటలో తేడా ఒక్క ఊనిక. ‘మేము’ రూపంలో మాత్రం ఊనిక చివరి నుంచి మూడో అక్షరం మీద ఉంటుంది (అబ్లారమొస్). స్పానిష్‌లో అలాంటి మాటలన్నిటికీ గీత తప్పనిసరి. పరీక్షల్లో ఎక్కువగా మర్చిపోయేది దీన్నే.

అపోహ: మొదటి క్రియ భూతకాలంలో పెడితే చాలు, రెండోది దానంతటదే సరిపోతుంది.

తెలుగువాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే, కారణం మన వాక్య నిర్మాణం. ‘నువ్వు మాట్లాడాలని కోరుకుంటున్నాను’, ‘నువ్వు మాట్లాడాలని కోరుకున్నాను’: రెండింట్లోనూ ‘మాట్లాడాలని’ కదలదు. స్పానిష్‌లో కదులుతుంది. కియేరొ కె ఆబ్లెస్, కానీ కెరీఅ కె అబ్లారస్. తెలుగులో ఆలోచించి ‘కెరీఅ కె ఆబ్లెస్’ అనేస్తాం. అడిగాడు, చెప్పాడు, భయపడ్డాడు, నమ్మలేదు లాంటి క్రియలు భూతకాలంలో వచ్చి, వెనక సబ్జంక్టివ్ కావలసినప్పుడల్లా ఈ మార్పు చూసుకోవాలి. అడిగిన పని ఇంకా జరగాల్సి ఉంటే, లాటిన్ అమెరికాలో వర్తమాన సబ్జంక్టివ్ కూడా బాగా వినిపిస్తుంది. అయినా నేర్చుకునే దశలో అబ్లారస్‌నే అలవాటు చేసుకోవడం మేలు.

సాధన ఇలా చేయండి. ‘కియేరొ కె’తో పది వాక్యాలు రాయండి. అవే పదీ ‘కెరీఅ కె’తో తిరగరాయండి. నోటితో చెబుతూ రాస్తే ఊనిక కూడా కుదురుతుంది.

అపోహ: ఇది భూతకాలం, కాబట్టి గతం గురించే చెబుతుంది.

సి బిబియేర ఎన్ మద్రీద్, అబ్లరీఅ మెఖోర్: మాడ్రిడ్‌లో ఉంటే ఇంకా బాగా మాట్లాడేవాణ్ణి. ఇది ఇప్పటి మాటే, నిజం కాని ఊహ. తెలుగులోనూ ‘మాట్లాడేవాణ్ణి’ అని భూతకాల రూపమే వాడాం కదా, ఈ విషయంలో మన భాష మనకు తోడుంటుంది. సి (‘...తే’ అనే షరతు మాట) ఉన్న భాగంలో సబ్జంక్టివ్, రెండో భాగంలో షరతు రూపం (అబ్లరీఅ). రెండు చోట్లా షరతు రూపం పెట్టి ‘సి బిబిరీఅ’ అనడం ఉత్తర స్పెయిన్‌లో కొన్నిచోట్ల వినిపిస్తుంది గానీ ప్రామాణికం కాదు. ‘సి’ తర్వాత వర్తమాన సబ్జంక్టివ్ అయితే అసలే కుదరదు. ‘కోమొ సి’ (...అన్నట్టు) తర్వాత, ముందు క్రియ ఏ కాలంలో ఉన్నా ఈ రూపమే: ఆబ్ల కోమొ సి బిబియేర ఎన్ మద్రీద్ (మాడ్రిడ్‌లో ఉంటున్నట్టు మాట్లాడతాడు).

అపోహ: ‘ర’ బదులు ‘సె’ వచ్చే రూపాలు (అబ్లాసె, కొమియేసె) పాతబడ్డాయి, నేర్చుకోవద్దు.

రెండూ సరైనవే. మాటల్లో ‘ర’ రూపమే చాలా ఎక్కువ, లాటిన్ అమెరికాలో మరీను. ‘సె’ మాత్రం పుస్తకాల్లో, స్పెయిన్‌లో ఎదురవుతుంది, చూడగానే పోల్చుకోగలిగితే చాలు. అయితే ఒకచోట మార్పిడి కుదరదు. మర్యాదగా అడిగేటప్పుడు ‘కిసియేర ఉన్ కఫే’ (ఒక కాఫీ ఇప్పిస్తారా) అంటారు, అక్కడ ‘కిసియేసె’ వాడరు.