టూరిస్టు రాకపోతే బైక్ టాక్సీకేంటి నష్టం? వైజాగ్‌లో నేను రోజూ వినే అపోహలు, వాస్తవాలు

మొన్న సిరిపురంలో ఎక్కిన ఒకాయన జగదాంబ వచ్చేలోపే అడిగేశాడు: “బీచ్‌లో జనం లేకపోతే మీకేంటండీ? మీరు దింపేది ఆఫీసుల వాళ్ళనీ, కాలేజీ పిల్లల్నీ కదా?” హెల్మెట్‌లోంచి ఏం చెప్పినా సగం గాలికి పోతుంది. “అలా కాదు సార్” అని ఊరుకున్నాను. కానీ ఈ ప్రశ్న నాకు నెలకోసారైనా ఎదురవుతుంది. దీంతోపాటు ఇంకో అరడజను మాటలు కూడా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. 2020 మార్చి దాకా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేశాను. లాక్‌డౌన్ పడ్డాక మొదట సగం జీతం అన్నారు, తర్వాత కబురు చేస్తాం అన్నారు, ఇంతవరకు చేయలేదు. ఆ ఏడాది చివర్లో బండి తీశాను. టూరిస్టుకి తాళంచెవి ఇచ్చిన చెయ్యి, ఇప్పుడు హెల్మెట్ ఇస్తున్న చెయ్యి ఒకటే కాబట్టి రెండు వైపులా తెలుసు.

అపోహ: టూరిస్టులు బైకెక్కరు, కాబట్టి టూరిజం పడిపోతే బైక్ టాక్సీకి దెబ్బ లేదు.

మొదటి ముక్క చాలావరకు నిజం. దసరాకి బెంగాల్ నుంచి వచ్చే కుటుంబం నానమ్మతో సహా దిగుతుంది. వాళ్ళు బైకెందుకెక్కుతారు? ఆటోనో కారో మాట్లాడుకుంటారు. నా బండి ఎక్కే టూరిస్టు ఒంటరిగా వచ్చిన కుర్రాడు, లేదా రెండు బైకులు బుక్ చేసుకుని కైలాసగిరి కింద దిగే ఇద్దరు స్నేహితులు. సీజన్లో కూడా నా పది రైడ్‌లలో ఇద్దరు టూరిస్టులుంటే గొప్ప.

మరి మిగతా ఎనిమిదీ ఎవరో చూడండి. రుషికొండ, సాగర్ నగర్ వైపు హోటళ్ళ వంటవాళ్ళు, రూములు సర్దే అమ్మాయిలు. కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా ఫోటోలు తీసేవాళ్ళు. బీచ్‌లో చేపల వేపుడు బండి కట్టేసి సామాను అక్కడే తాళం వేసి ఇంటికి పోయేవాళ్ళు. రాత్రి పదిన్నర దాటాక బస్సు పలచబడుతుంది, ఆటోవాడు ఒక్కడికోసం కదలడు. అప్పుడు పడే రైడ్‌లే నా రోజుకి వెన్నెముక.

రాత్రి పదకొండుకి రుషికొండ నుంచి ఆరిలోవ వెళ్ళే ఒక కుక్ ఉండేవాడు, ఒడిశా బోర్డర్ వైపు కుర్రాడు. ఎక్కగానే వేయించిన ఉల్లిపాయ, మసాలా వాసన గుప్పుమనేది. చేతివేళ్ళ సందుల్లో పసుపు కడిగినా పోయేది కాదు. వెనక కూర్చుని అలసటకి తూగేవాడు, హెల్మెట్ వచ్చి నా వీపుకి టక్‌మని తగిలేది. “తమ్ముడూ, నిద్రపోకురా, పడతావు” అని ఎండాడ దాకా మాట్లాడిస్తూ వచ్చేవాణ్ణి. హోటల్లో గదులు ఖాళీ అయ్యేసరికి వాళ్ళ మేనేజరు వారానికి మూడు రోజులే రమ్మన్నాడు. నాకు వారానికి నాలుగు రాత్రి రైడ్‌లు పోయాయి. ఆ హోటల్లో దిగే టూరిస్టు ఒక్కసారి కూడా నా సీటు మీద కూర్చోలేదు, అయినా అతను రాకపోతే నా సీటు ఖాళీ.

అపోహ: గిరాకీ లేనప్పుడు రేటు తగ్గించుకుంటే సరిపోతుంది కదా.

ఈ మాట అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. కూరగాయల బండి లెక్క అలాగే ఉంటుంది, సాయంత్రానికి టమాటా తగ్గించి అమ్ముకుంటాడు. కానీ మా ఖర్చు కిలోమీటరుకి పుడుతుంది, ప్యాసింజరు ఉన్నా లేకపోయినా.

కాంప్లెక్స్ నుంచి రుషికొండ 15 కిలోమీటర్లు అనుకోండి. నాకు వచ్చేది సుమారు 120 రూపాయలు. నా బండి ఇద్దరు మనుషులతో, సిగ్నళ్ళతో లీటరుకి 45 ఇస్తుంది. పెట్రోలు 108 లెక్కన పోను 36 రూపాయలు. టైర్లు, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ షూ, ఆయిల్ కలిపి కిలోమీటరుకి 80 పైసలు పక్కన పెట్టుకుంటాను. అది 12. అంటే 48 పోగా 72 మిగిలింది. బాగుంది కదా? ఇప్పుడు వెనక్కి రావాలి. సీజన్లో రుషికొండ బీచ్ గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే రిటన్ రైడ్ దొరుకుతుంది. సీజన్ లేనప్పుడు అరగంట చూసి, చూసి, ఖాళీగా హనుమంతవాక దాకా వస్తాను. అక్కడా లేకపోతే మద్దిలపాలెం, చివరికి కాంప్లెక్స్ దాకా ఖాళీయే. ఇంకో 48 అక్కడే ఆవిరి. గంటన్నర పనికి చేతిలో 24 రూపాయలు. దారిలో ఒక టీ, ఒక సమోసా తింటే ఇంటికి పట్టుకెళ్ళేది ఏమీ లేదు.

ఇప్పుడు ఆ 120ని 100 చేయండి. 24 కాస్తా 4 అవుతుంది. రేటులో ఆరోవంతు తగ్గిస్తే మిగులులో ఆరింట అయిదొంతులు పోయింది. అందుకే టూరిజం పడిపోయిందా లేదా అని నేను రేటు చూసి చెప్పను, రాత్రి ట్రిప్ మీటర్ చూసి చెబుతాను. మొత్తం తిరిగింది ఎంత, డబ్బులొచ్చింది ఎన్ని కిలోమీటర్లకి. మంచి డిసెంబర్‌లో ఖాళీ తిరుగుడు నా మొత్తంలో నాలుగోవంతు. చెడ్డ నెలలో సగం.

కేంద్రం 2025 జూలైలో అగ్రిగేటర్లకి, అంటే రైడ్‌లు ఇచ్చే యాప్ కంపెనీలకి, ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ ఖాళీ తిరుగుడు మాట ఉంది. బేస్ ఛార్జీ, అంటే రాష్ట్రం నిర్ణయించే మూల రేటు, కనీసం మూడు కిలోమీటర్లకి ఇవ్వాలి, ప్యాసింజరు దగ్గరికి ఖాళీగా వెళ్ళిన దూరం, దానికైన పెట్రోలు అందులోనే సర్దుకోవాలి అని. పికప్‌కి వెళ్ళేటప్పుడు ఇది కొంత న్యాయమే. దింపి వెనక్కి వచ్చే ఖాళీ సంగతికి మాత్రం ఎక్కడా చోటు లేదు. రుషికొండ, భీమిలి, యారాడ లాంటి చివరి బీచ్‌లున్న ఊళ్ళో అసలు నొప్పి అదే.

అపోహ: సర్జ్ పేరుతో మీరు దోచుకుంటారు.

సర్జ్ అంటే గిరాకీ ఎక్కువైనప్పుడు యాప్ పెంచే రేటు. అది నేను నొక్కేది కాదు, నా ఫోనులో వచ్చేదే. అదే మార్గదర్శకాల ప్రకారం సర్జ్ బేస్ ఛార్జీకి రెట్టింపు దాటకూడదు. అందరికీ తెలిసింది ఈ ముక్కే. తెలియని ముక్క ఇంకొకటుంది: గిరాకీ లేనప్పుడు బేస్ ఛార్జీలో సగానికి తగ్గకూడదు. జనానికి పై గీత కావాలి, మాకు కింది గీత కావాలి. సొంత బండి ఉన్న డ్రైవరుకి ఛార్జీలో కనీసం 80 శాతం ఇవ్వాలనీ ఉంది. ఇవన్నీ రాష్ట్రం తన నిబంధనల్లోకి తీసుకుని, బేస్ ఛార్జీ ఎంతో ప్రకటిస్తేనే కాగితం దాటి రోడ్డు మీదకి వస్తాయి. గీత ఎక్కడుందో తెలియకుండా అందులో సగం ఎంతని చెప్పుకోవాలి?

అపోహ: పని తగ్గితే బండ్లు కూడా తగ్గుతాయి, ఉన్నవాళ్ళకి సరిపోతుంది.

సరిగ్గా దీనికి రివర్స్. టూరిజం పడిపోయిన మర్నాటి నుంచి బైక్ టాక్సీలు పెరుగుతాయి. లాడ్జి కుర్రాడు, అరకు ట్రిప్పులు లేని కారు డ్రైవరు, ఈవెంట్లకి లైట్లు కట్టేవాడు, అందరికీ ఇంట్లో ఒక బండి ఉంటుంది, ఫోనుంటుంది. 2020లో నేను వచ్చింది అలాగే కదా, ఇప్పుడు ఇంకొకరిని అనడానికి నాకు నోరెక్కడిది!

ఇందాక చెప్పిన ఆ కుక్కే ఒకరోజు ఎండాడ దగ్గర చెట్టుకింద కనిపించాడు. వాళ్ళ బావ బండి, చేతిలో ఫోను, హ్యాండిల్‌కి రెండో హెల్మెట్. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. “నాలుగు రోజులు ఖాళీయే కదన్నా” అన్నాడు. ఇద్దరం అక్కడే నిలబడ్డాం. ఒకే రైడ్ ఇద్దరి ఫోన్లలోనూ మోగింది. వాడి వేలే ముందు పడింది. నా ప్యాసింజరు పోయాడు, నాకు పోటీ వచ్చాడు, రెండూ ఒకే మనిషి. గిరాకీ సగమైతే ఆదాయం సగమవుతుంది అనుకునేవాళ్ళు ఈ రెండో దెబ్బని లెక్కలోకి తీసుకోరు.

అపోహ: తుపాను రెండు రోజులే, తర్వాత అంతా మామూలే.

గాలి రెండు రోజులే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను లాడ్జిలో ఉన్నాను. ఆ తర్వాత కొన్ని రోజులు మా గదులన్నీ నిండే ఉన్నాయి. టూరిస్టులతో కాదు, బయటి ఊళ్ళ నుంచి స్తంభాలు నిలబెట్టడానికి వచ్చిన కరెంటు వాళ్ళతో. అద్దె వచ్చింది కాబట్టి ఓనరు బాగానే ఉన్నాడు. కానీ వాళ్ళు డిపార్ట్‌మెంట్ జీపులో వచ్చి జీపులో పోయేవారు. బయట ఆటోవాళ్ళకి రూపాయి రాలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక గదులు కూడా ఖాళీ. కైలాసగిరి మీద చెట్లు లేవు, టీవీలో చూసిన విధ్వంసం జనం బుర్రల్లోంచి పోలేదు.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తీరం దాటింది నరసాపురం దగ్గర, మనకి చాలా దూరం. అయినా ఇక్కడ వానలు ముంచెత్తాయి, బీచ్‌లోకి ఎవరినీ రానివ్వలేదు, అరకు వైపు రైళ్ళు ఆపేశారు. అది కార్తీక మాసం మొదటి వారం. పిక్నిక్‌లు, వనభోజనాలు, అరకు ప్రయాణాలు మొదలయ్యే రోజులు. నవంబర్‌కి బుక్ చేసుకున్నవాడు క్యాన్సిల్ చేశాక, ఎండ కాసింది కదా అని మళ్ళీ బుక్ చేయడు. ఇంకో ఊరు చూసుకుంటాడు. మా అసలు పంట దసరా నుంచి సంక్రాంతి దాకా. తుపాన్ల కాలం కూడా అక్టోబర్ నుంచి డిసెంబరే. పంట చేతికొచ్చే వేళకి వాన, రైతు బాధే మాదీ.

అపోహ: పెద్ద కార్యక్రమం జరిగితే మీకు పండగే.

2025 జూన్ 21 యోగా డే నాడు ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డంతా చాపలే. ఊళ్ళోకి లక్షల మంది వచ్చారు. బీచ్ రోడ్డులో మాకు ప్రవేశం లేదు. వచ్చినవాళ్ళు బస్సుల్లో వచ్చి బస్సుల్లో పోయారు. నేవీ డే రిహార్సల్స్ అప్పుడూ ఇంతే, పికప్ పాయింట్ బారికేడ్‌కి అవతల ఉంటుంది. ఆ రోజుల్లో నేను గాజువాక వైపు పోతాను.

అపోహ: ఆటోవాళ్ళ పొట్టకొట్టింది బైక్ టాక్సీలే.

దీని మీద నేను పూర్తిగా మా వాళ్ళ పక్షం తీసుకోలేను. కాంప్లెక్స్ బయట ఒక ఆటో బాబాయ్ ఉన్నాడు, లాడ్జి రోజుల నుంచి తెలుసు. “ఒంటరి బేరాలన్నీ మీరే ఎత్తుకుపోయారురా” అంటాడు. నిజమే, ఒకప్పుడు ఆయన జేబులోకి వెళ్ళిన డబ్బే కొంత నాకొస్తోంది. అయితే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక షేర్ ఆటో సీట్లు ఖాళీ అయ్యాయి, దాంట్లో మా పాత్ర లేదు. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆటో, క్యాబ్ డ్రైవర్లకి ఏడాదికి 15,000 ఇచ్చే పథకం తెచ్చింది. మాలా తెల్ల నంబరు ప్లేటు, అంటే సొంత వాడకం బండి తోలేవాడు ఆ జాబితాలోకే రాడు. గోవాలో బైక్ మీద మనుషుల్ని దింపేవాళ్ళని పైలట్లంటారు, వాళ్ళకి పసుపు, నలుపు రంగు బండి, లైసెన్సు, గుర్తింపు ఎప్పటినుంచో ఉన్నాయి. టూరిస్టు లేనప్పుడు వాళ్ళకీ కష్టమే, కానీ కష్టం వచ్చిందని చెప్పుకోవడానికి కనీసం వాళ్ళకో పేరుంది.

అపోహ: సొంత బండి, సొంత టైము, ఎవరికి వాళ్ళే ఓనర్లు.

ఫైనాన్సు కంపెనీవాడు ఐదో తారీఖున ఫోన్ చేసేటప్పుడు బీచ్‌లో జనం ఉన్నారా అని అడగడు. అది అందరికీ తెలిసిందే, వదిలేయండి. తెలియనిది ఇన్సూరెన్స్. మామూలు సొంత వాడకం పాలసీలో, అద్దెకి మనుషుల్ని ఎక్కిస్తే వర్తించదని రాసి ఉంటుంది. పాలసీ కాగితం తీసి చదవండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొత్తగా వచ్చే కుర్రాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే: యాప్ వాళ్ళు రైడ్ మధ్యలో ఇచ్చే బీమా ఎంత, రైడ్ లేకుండా ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఉందా లేదా, అడిగి తెలుసుకో. చెడ్డ నెలలో సగం తిరుగుడు ఖాళీదే అని చెప్పాను కదా. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకో, డబ్బులు కట్టక్కర్లేదు. సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చింది, యాప్ కంపెనీలు టర్నోవర్లో 1 నుంచి 2 శాతం మన కోసం నిధికి కట్టాలని అందులో ఉంది. ఆ నిధి నుంచి ఏదైనా రావాలన్నా ముందు మన పేరు జాబితాలో ఉండాలి.

ఇక సీజన్ లేనప్పుడు ఎక్కడ తిరగాలి అని అడిగేవాళ్ళకి: బీచ్‌ని పట్టుకుని వేలాడొద్దు. పొద్దున్న రైల్వే స్టేషన్, తర్వాత కేజీహెచ్ పెద్దాస్పత్రి, ఆరిలోవ హెల్త్ సిటీ ఆస్పత్రులు, మధ్యాహ్నం ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లు. ఆస్పత్రి దగ్గర రైడ్ చిన్నదే, రెండు మూడు కిలోమీటర్లు, కానీ దింపిన చోటే ఇంకోటి దొరుకుతుంది. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్ బాగానే ఉంటుంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులు తప్ప. ఆ రెండు నెలల్లో హార్బర్‌కి పోయి నేను ఒక వారం పెట్రోలు తగలేసుకున్నాను, మీరు తగలేసుకోకండి.

చివరికి ఇంకోటి. “యాప్ వద్దన్నా, డైరెక్టుగా ఎంత?” అని చాలామంది అడుగుతారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి నేను ఒప్పుకోను, దారిలో ఏదైనా జరిగితే ఆ రైడ్ జరిగినట్టే ఎక్కడా ఉండదు. ఆ కుక్ అడిగినప్పుడు మాత్రం ఒప్పుకున్నాను. డిసెంబర్‌లో వాడికి మళ్ళీ ఏడు రోజుల డ్యూటీ వచ్చింది, బావ బండి బావకి ఇచ్చేశాడు. నెలకి ఇంతని మాట్లాడుకున్నాం, రాత్రి పదకొండుకి రుషికొండ గేటు దగ్గర. తప్పే, పైన నేనే రాసిన దానికి విరుద్ధం. కానీ వాడి కోసం వెళ్ళేముందు సాగర్ నగర్‌కి ఒక రైడ్ పట్టుకుంటాను, అప్పుడు పోనూ రానూ రెండూ నిండుతాయి.