ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు ఎఫ్ఎం స్టేషన్లు: అపోహలు - వాస్తవాలు

98.3 అనగానే అందరికీ మిర్చి గుర్తొస్తుంది, కానీ ఏ ఊరి మిర్చి? హైదరాబాద్‌లో అదే నంబరు, విజయవాడలో అదే, వైజాగ్‌లో అదే, చెన్నై, బెంగళూరుల్లో కూడా అదే. నేనుండేది బందరు, దూరపు ఎఫ్ఎం స్టేషన్లు పట్టుకోవడం నా వ్యాపకం, దీన్నే డీఎక్సింగ్ అంటారు. దీని గురించి జనంలో ఉన్న అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఒకే నంబరు మీద రెండు స్టేషన్లు వస్తున్నాయంటే రేడియో పాడైనట్టే.

పాడవలేదండి. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఈ కాస్త చోటులోనే దేశమంతా సర్దుకోవాలి, అందుకని దూరం చూసుకుని ఒకే ఫ్రీక్వెన్సీని వేరే వేరే ఊళ్లకి ఇస్తారు.

అపోహ: అలా వస్తే రెండూ కలగాపులగంగా ఒకేసారి వినిపిస్తాయి.

అది ఏఎం పద్ధతిలో నడిచే మీడియం వేవ్ సంగతి, రాత్రిపూట ఒక స్టేషన్ వెనకాల ఇంకోటి సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. ఎఫ్ఎంలో క్యాప్చర్ ఎఫెక్ట్ అని ఉంది, రెండు సిగ్నల్స్‌లో ఏది కొంచెం బలంగా ఉంటే రిసీవర్ దాన్నే పట్టుకుని రెండోదాన్ని దాదాపు పూర్తిగా నొక్కేస్తుంది, మంచి ట్యూనర్‌కైతే ఒకటి రెండు డెసిబెల్స్ తేడా చాలు. విమానాల రేడియో 118-137 మెగాహెర్ట్జ్‌లో ఇప్పటికీ ఏఎం మీదే నడవడానికి ఇదొక కారణం, ఇద్దరు పైలట్లు ఒకేసారి మాట్లాడితే ఇద్దరు ఉన్నారని కంట్రోలర్‌కి తెలియాలి కదా.

రెండూ సరిసమానంగా ఉన్నప్పుడే అసలు విషయం. ఒక స్టేషన్ పాట రెండు ముక్కలు, ఇంకోదాని యాడ్ ఒక ముక్క, మధ్యలో గరగర. 98.3 దగ్గర తరంగం పొడవు సుమారు 3 మీటర్లు, కాబట్టి రేడియోని ఒకటి రెండు అడుగులు జరిపితే చాలు, నెగ్గే స్టేషన్ మారిపోవచ్చు. బలమైనదే వస్తుంది అన్నమాట నిజమే, కానీ మన యాంటెనా దగ్గర ఏది బలంగా ఉండాలో చాలావరకు మన చేతిలోనే ఉంది, ఇది చాలామందికి తెలియదు.

అపోహ: లోకల్ స్టేషన్ ఉన్న ఫ్రీక్వెన్సీలో దూరపుది వినడం అసాధ్యం.

మా బందరునే చూడండి. విజయవాడ ఇక్కడికి వాయవ్యంగా నేరుగా 65 కిలోమీటర్లు, చెన్నై దక్షిణంగా కాస్త పడమరకి 350 పైన, వైజాగ్ ఈశాన్యంగా 280 దాకా, మూడూ 98.3లోనే. మామూలు డైపోల్ యాంటెనా కట్టండి, రెండు పక్కలా 72 సెంటీమీటర్ల చొప్పున అల్యూమినియం రాడ్లు, నేలకి సమాంతరంగా. డైపోల్ తన కొనల వైపు దాదాపు ఏమీ వినదు. ఆ కొనని సరిగ్గా విజయవాడ వైపు పెడితే లోకల్ బాగా పడిపోతుంది, అటూ ఇటూ తెరుచుకున్న వైపుల్లో ఒకదాన్లో చెన్నై, ఇంకోదాన్లో వైజాగ్ పడతాయి. అంటే యాంటెనాని దూరపు స్టేషన్ వైపు తిప్పడం కన్నా లోకల్‌ని చంపేలా తిప్పడం ముఖ్యం. ఇంకో మాట, కేబుల్ కూడా యాంటెనాలా పనిచేసి లోకల్‌ని దొంగచాటుగా లోపలికి తెచ్చేస్తుంది, అందుకని డైపోల్ మొదట్లోనే కేబుల్‌ని ఐదారు చుట్లు చుట్టి టేప్ వేయండి. ఈ చుట్లు లేకపోతే ఎంత తిప్పినా లోకల్ తగ్గదు.

అపోహ: బూస్టర్ పెడితే దూరపుది వచ్చేస్తుంది.

బూస్టర్ రెండింటినీ పెంచుతుంది, తేడా అలాగే ఉంటుంది. పైగా లోకల్స్ ఎక్కువున్న చోట రిసీవర్ ఓవర్‌లోడ్ అయ్యి లేని చోట్ల దొంగ స్టేషన్లు పుడతాయి. బ్యాండ్‌విడ్త్ ఫిల్టర్ కూడా అంతే, పక్క ఫ్రీక్వెన్సీ గోల తగ్గిస్తుంది కానీ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్న రెండింటిని విడదీయలేదు, టీఈఎఫ్6686 అనే రేడియో ట్యూనర్ చిప్ ఉన్న సెట్ కొన్నా సరే.

అపోహ: ఎఫ్ఎం అరవై కిలోమీటర్లు దాటదు, దాటితే మబ్బులకి తగిలి వచ్చినట్టు.

లెక్క ప్రకారం 100 మీటర్ల టవరుకి, 10 మీటర్ల ఎత్తున్న మన యాంటెనాకి రేడియో హొరైజన్, అంటే సిగ్నల్ మామూలుగా నేరుగా అందే దూరం, 54 కిలోమీటర్లు. కానీ సముద్రం మీద చల్లటి తేమ గాలి కింద ఉండి, దాని మీదకి భూమి వైపు నుంచి వేడి పొడి గాలి వచ్చి పరుచుకుంటే సిగ్నల్ ఆ పొర కింద ఇరుక్కుని వంగుతూ వందల కిలోమీటర్లు పోతుంది, ట్రోపోస్ఫెరిక్ డక్టింగ్ అంటారు. మబ్బులకి ఇందులో పనే లేదు. గాలి కదలని రాత్రులు, తెల్లవారుజాములు చూడండి, ఈదురుగాలి మొదలైందా ఆ పొర చెదిరిపోతుంది.

అపోహ: పాట వింటే ఏ ఊరో తెలిసిపోతుంది.

విజయవాడలో వేసిన పాటే వైజాగ్‌లోనూ వేస్తారు, ఎలా తెలుస్తుంది? యాడ్స్ వినండి, షాపు అడ్రస్‌లో బెంజ్ సర్కిల్ అంటే విజయవాడ, జగదాంబ జంక్షన్ అంటే వైజాగ్. తమిళం వస్తే చెన్నై అని తేలికే. రికార్డింగ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి, ఎందుకంటే అడ్రస్ చెప్పే ఆ రెండు సెకన్లలోనే లోకల్ పైకి లేస్తుంది, తర్వాత మళ్లీ విని దొరికిన ముక్కల్ని పోల్చుకోవచ్చు. స్క్రీన్ మీద ఆర్‌డీఎస్ పేరు, అంటే స్టేషన్ తన సిగ్నల్‌తో పాటు పంపే పేరు, వచ్చిందని కూడా నమ్మేయకండి, కొన్ని కార్ స్టీరియోలు స్టేషన్ మారినా పాత పేరే కాసేపు చూపిస్తాయి.