కారు వోల్ట్‌మీటర్ తప్పు చూపిస్తోందా? అపోహలు – వాస్తవాలు

ఈమధ్య మా షాపుకి వచ్చేవాళ్లు చాలామంది ఒక అంకె పట్టుకుని వస్తున్నారు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న మీటర్ 11.9 చూపించిందనో, ఇంజిన్ నడుస్తున్నా 13 దాటట్లేదనో. ఆ అంకెను నమ్మి, బాగా పనిచేస్తున్న బ్యాటరీని, ఒక్కోసారి ఆల్టర్నేటర్‌ని (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) కూడా మార్పించేసుకున్నవాళ్లు ఉన్నారు, నా బాధ అదే. మీటర్ రెండు వైర్లు ఎక్కడ తగిలి ఉన్నాయో అక్కడ, ఆ క్షణంలో ఉన్న వోల్టేజీనే అది చూపిస్తుంది. ఎక్కడ కొలిచారు, ఎప్పుడు కొలిచారు అన్నది తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు.

అపోహ: సాకెట్‌లో కనిపించేది బ్యాటరీ వోల్టేజీయే.

వాస్తవం: కాదు. బ్యాటరీ నుంచి సాకెట్ దాకా రావాలంటే ఫ్యూజులు, ఒక స్విచ్ లేదా రిలే, నాలుగైదు కనెక్టర్లు, సన్నటి వైరు, చివర్లో స్ప్రింగ్ కాంటాక్ట్, ఇవన్నీ దాటాలి, ఆపైన బాడీ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కి కలిసి ఉండే కారు ఇనుప బాడీ) గుండా వెనక్కి వెళ్లాలి. ఈ దారి మొత్తం రెసిస్టెన్స్ 0.05 ఓమ్ మాత్రమే ఉందనుకోండి, అదే లైన్ మీద టైర్లకు గాలి కొట్టే పంపు పెట్టి 10 ఆంపియర్లు లాగితే అర వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ దగ్గర 12.6 ఉంటే మీటర్‌లో 12.1 కనిపిస్తుంది, మీరేమో బ్యాటరీ సగానికి సగం అయిపోయిందని టెన్షన్ పడతారు. మీటరే కరెంటు తినేస్తోందని కొందరంటారు గానీ అది వాడుకునేది కొన్ని మిల్లీ ఆంపియర్లే, దానివల్ల చెప్పుకోదగ్గ డ్రాప్ రాదు. డ్రాప్ తెచ్చేది ఆ వైరు మీదే నడిచే మిగతా సామాను.

అనుమానం తీర్చుకోవడం తేలిక. ఆ సామాను ఆన్‌లో ఉండగానే మల్టీమీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది సాకెట్ మధ్య పిన్‌కి పెట్టండి (అంచుకి తగలనివ్వకండి, ఫ్యూజ్ పోతుంది). వచ్చే అంకే పాజిటివ్ దారిలో పోతున్న వోల్టేజీ. నెగటివ్‌కీ సాకెట్ అంచుకీ మధ్య కూడా అలాగే చూడండి, ఎర్త్ సంగతి చాలామంది మర్చిపోతారు. మీటర్ డాష్‌బోర్డులో పర్మనెంట్‌గా ఉండాలంటే దానికి బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగడమే సరైన పద్ధతి, టెర్మినల్‌కి దగ్గర్లోనే 1 ఆంపియర్ ఫ్యూజ్ తప్పనిసరిగా పెట్టి.

అపోహ: 12.57 అని రెండు దశాంశాలు చూపిస్తోంది కాబట్టి కచ్చితమైన మీటరే.

వాస్తవం: అంకెలు ఎన్ని కనిపిస్తున్నాయన్నది వేరు, అవి ఎంత నిజమన్నది వేరు. మామూలు మల్టీమీటర్‌కి 0.5 శాతం, దానిపైన 2 అంకెల తేడా (అంటే చివరి అంకెలో 2 అటూ ఇటూ) అని రాసి ఉంటే, 12.60 దగ్గర దాదాపు 0.08 వోల్టులు అటూ ఇటూ ఉండొచ్చు. చవక ఎల్‌ఈడీ మీటర్లలో ఇంకా ఎక్కువే. కొన్నిటికి వెనక చిన్న స్క్రూ ఉంటుంది, మంచి మల్టీమీటర్‌ని పక్కన పెట్టి, రెండిటినీ ఒకే చోట కలిపి, దాన్ని తిప్పి సరిచేసుకోవచ్చు. ఆ మల్టీమీటర్‌లో 9 వోల్టుల బ్యాటరీ డౌన్ అయితే అది కూడా తప్పు చూపిస్తుంది, సాధారణంగా ఉన్నదానికంటే ఎక్కువ. ముందు అది మార్చండి.

అపోహ: బండి ఆపగానే 13 ఉంది, అంటే ఫుల్ ఛార్జ్.

వాస్తవం: అది ప్లేట్ల మీద పైపైన నిలిచిన ఛార్జ్. రాత్రంతా వదిలేసి పొద్దున డోర్ తీయకుండా, లైట్లు వెలగకుండా కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. అంత ఆగలేకపోతే ఒకటి రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆపి, కాసేపయ్యాక చూడండి. మామూలు లెడ్ యాసిడ్‌కి 12.6 దాకా ఉంటే నిండినట్టు, 12.2 అంటే సుమారు సగం, 12.0 కిందకి వస్తే వెంటనే ఛార్జ్ పెట్టాలి. వేడి ప్రాంతాల కోసం యాసిడ్ కాస్త పల్చగా నింపిన బ్యాటరీలు నిండినా 12.5 దగ్గరే ఆగుతాయి, వాటిని పాడైపోయాయని తీసేయకండి. ఏజీఎం రకం (యాసిడ్‌ని గాజుపీచు పొరల్లో పీల్చి ఉంచే బ్యాటరీ) అయితే 12.8 వరకూ చూపిస్తుంది.

అపోహ: 12.6 ఉంది కాబట్టి బ్యాటరీకి ఢోకా లేదు.

వాస్తవం: వోల్టేజీ ఛార్జ్ ఎంతుందో చెబుతుంది, సత్తా ఎంతుందో చెప్పదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూడండి, 9.6 కంటే కిందకి పడిపోతుంటే బ్యాటరీని లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) చేయించాలి. ప్రోబ్‌ని క్లాంప్ (కేబుల్ చివర పోస్ట్‌కి బిగించే పట్టీ) మీద కాకుండా సీసం పోస్ట్ మీదే పెట్టండి. పోస్ట్ మీద మంచి వోల్టేజీ ఉండి క్లాంప్ మీద తగ్గుతోందంటే తప్పు బ్యాటరీది కాదు, ఆ రెండింటి మధ్య చేరిన తెల్లపొడిది. శుభ్రం చేసి బిగిస్తే సరిపోతుంది.

అపోహ: ఇంజిన్ ఆన్‌లో 14 లేకపోతే ఆల్టర్నేటర్ పోయినట్టే.

వాస్తవం: పాత బండ్లలో 13.8 నుంచి 14.4 మధ్య నిలకడగా ఉండేది. కొత్త కార్లు చాలావాటిలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఆల్టర్నేటర్‌ని అదుపు చేస్తుంది. బ్యాటరీ బాగా నిండి ఉంటే 12.8 దాకా తగ్గిస్తుంది, యాక్సిలరేటర్ వదిలేస్తే దాదాపు 15కి పెంచుతుంది. మీటర్ అలా ఊగడం లోపం కాదు. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ కనిపిస్తే మీ బండి ఈ రకమేనని అనుకోవచ్చు.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకితే, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ మంచిదే.

వాస్తవం: దయచేసి ఎవరినీ ఇలా చేయనివ్వకండి. డైనమో రోజుల నుంచి వస్తున్న అలవాటు ఇది. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీని తీసేస్తే లైన్‌లో వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది, అడ్డుకునే రక్షణ లేకపోతే 80 వోల్టులు కూడా దాటొచ్చు. ఈసీయూ, ఏబీఎస్ మాడ్యూల్, స్టీరియో ఏది పోయినా ఖర్చు ఆల్టర్నేటర్ కంటే ఎక్కువే కావచ్చు. దానికి బదులు హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి, ఇంజిన్‌ని 1,500 – 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి బ్యాటరీ పోస్టుల మీద కొలవండి. 13.5 పైన ఉంటే ఛార్జింగ్ వస్తున్నట్టే. అంతకంటే తక్కువుంటే ఆల్టర్నేటర్ మెయిన్ బోల్ట్‌కీ బ్యాటరీ పాజిటివ్‌కీ మధ్య ఎంత పోతోందో కూడా చూడమనండి, అర వోల్టు మించి పోతుంటే ముందు మార్చాల్సింది కేబుల్.