పేరు కనిపిస్తుంది, వేలు కదలదు

రాత్రి నిద్ర పట్టక ఫోన్ తీస్తారు. ఒక స్నేహితుడి పేరు దగ్గర ఆగుతారు. ‘ఎలా ఉన్నావురా?’ అని టైపు చేసి, చెరిపేస్తారు. పనిలో ఉన్నాడేమో, ఇన్నాళ్లకు గుర్తొచ్చానా అనుకుంటాడేమో! ఫోన్ బోర్లా పెట్టేసి పడుకుంటారు.

దీన్ని మనం మొహమాటం అంటాం. నిజానికి అందులో ఒంటరితనం పాత్ర కూడా ఉంది. ఒంటరితనం ఆకలి లాంటిదనీ, మనుషుల్ని వెతుక్కోమని ఒళ్లు చేసే హెచ్చరిక అనీ అనేవారు షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ కాసియోపో. చిక్కేమిటంటే, ఈ ఆకలి ముదిరేకొద్దీ అన్నం మీదే అనుమానం పుడుతుంది. మెదడు కాపలా కుక్కలా మారి, ఎదుటివాళ్ల మాటల్లో విసుగునీ తిరస్కారాన్నీ ముందే పసిగట్టబోతుంది.

ఆ అంచనా చాలాసార్లు తప్పుతుంది. పరిశోధకురాలు పెగ్గీ లియూ బృందం 2022లో వేలమందిపై చేసిన ప్రయోగాలు ప్రచురించింది. పలకరించినవాళ్లు ఊహించినదానికంటే పలకరింపు అందుకున్నవాళ్లే ఎక్కువ సంతోషించారు. అనుకోకుండా వచ్చిన పలకరింపుకైతే విలువ ఇంకా ఎక్కువ.

తోడు దొరికితే ఒంట్లో ఏం మారుతుంది? 2006లో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహితల్ని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టింది. తెర మీద ఒక గుర్తు కనిపిస్తే షాక్ తగిలే అవకాశం ఉన్నట్టు. భర్త చేయి పట్టుకున్నప్పుడు, ప్రమాదానికి స్పందించే మెదడు భాగాల్లో అలజడి బాగా తగ్గింది. దాంపత్యం ఎంత బాగుంటే అంత నెమ్మది. చేయి ఎవరిదన్నది మెదడు లెక్కలోకి తీసుకుంటుందన్నమాట.

చేయి అందనంత దూరంలో ఉంటే? గొంతు చాలు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పరిశోధకురాలు లెస్లీ సెల్ట్‌జర్ బృందం ఆడపిల్లల్ని కొత్తవాళ్ల ముందు నిలబెట్టి మాట్లాడించింది, లెక్కలు చేయించింది. ఎవరికైనా చెమటలు పట్టే పనే. తర్వాత అమ్మ దగ్గరకు తీసుకున్న పిల్లల్లోనూ, ఫోన్‌లో అమ్మ మాట విన్న పిల్లల్లోనూ ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది, అనుబంధంతో ముడిపడిన హార్మోన్ ఆక్సిటోసిన్ పెరిగింది. 2012లో వచ్చిన కొనసాగింపు ఇంకా ఆసక్తికరం: అమ్మతో టైపు చేసి మాట్లాడిన పిల్లల్లో కార్టిసాల్, ఎవరితోనూ మాట్లాడని పిల్లల్లో ఉన్నంతే ఉంది. మెసేజ్‌తో సరిపెట్టే అలవాటు నాకూ ఉంది కాబట్టి ఈ ఫలితం కాస్త గుచ్చుకుంది.

అయితే మాట్లాడటం ఒక్కటే చాలదు, ఎలా మాట్లాడామన్నదీ ముఖ్యమే. ఒకే బాధను ఇద్దరూ కలిసి పదేపదే తవ్వుకునే స్నేహాల్లో చనువుతో పాటు ఆందోళన, దిగులు కూడా ఎక్కువగా కనిపిస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్త అమాండా రోజ్ 2002లో చూపించారు. అందుకే ఫోన్ ఎత్తగానే ‘సలహా వద్దు, పది నిమిషాలు విను. తర్వాత నీ కబుర్లు చెప్పు’ అనేస్తే ఇద్దరికీ సులువు. వారాల తరబడి నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే మాత్రం ఆ భారమంతా స్నేహితుడి మీదే వేయకూడదు, డాక్టర్‌కు చెప్పాలి. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేయడానికే భయమైతే, పక్కన కూర్చోమని ఆ స్నేహితుణ్ణే అడగొచ్చు.